తిప్పని వాల్వు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, మావయ్య, నాన్న పనిచేసే కంపెనీ నుంచి వచ్చిన పెద్దాయన, ఇంకా వంటింటి తలుపు చాటున ఆ అమ్మాయి.

"వెనక గదిలో డబ్బా వేడెక్కగానే వాల్వు తిప్పు తల్లీ. ఆయన్ని వదిలేసి నేను రాలేను," అని పొద్దున్నే నాన్న ఆమెకు అప్పజెప్పాడు.

వాల్వు తిప్పితే పైనున్న గాజు గొట్టంలోంచి నీళ్ళు కలిపిన మిథనాల్ డబ్బాలోకి దిగుతుంది. ఆ వేడికి దాన్లోంచి హైడ్రోజన్ విడిపోతుంది. ఆ హైడ్రోజన్‌తో పక్కనున్న ఫ్యూయల్ సెల్ కరెంటు పుట్టించి, హాల్లో బల్బు వెలిగించాలి. ఇవాళ పెద్దాయన కళ్ళ ముందు వెలగకపోతే నాన్న ఉద్యోగం ఊడినట్టే.

"నిన్న కూడా వెలగలేదుగా," అని అమ్మ దెప్పింది.

"నిన్న వేడి చాల్లేదంతే."

"ఆ డబ్బా మీదున్న ధ్యాసలో పావు వంతు ఇంటి మీద ఉంటే గోడలకి రంగులైనా పడేవి."

"ఇవాళైనా నోరు కట్టుకో అక్కా," అన్నాడు మావయ్య.

పెద్దాయన గడప దాటి లోపలికి రాగానే ఆ అమ్మాయి వంటింటి తలుపు చాటుకు నక్కింది. కొత్తవాళ్ళంటే ఆమెకు బెదురు. వాల్వు సంగతి గుర్తొచ్చేసరికి హాల్లో చప్పట్లు!

బల్బు వెలుగుతోంది.

ఆమెకేమీ బోధపడలేదు. వెనక గదిలోకి పరుగెత్తింది. డబ్బా సెగలు కక్కుతోంది. వాల్వు మాత్రం మూసే ఉంది. గాజు గొట్టంలో మిథనాల్ చుక్కయినా తగ్గలేదు. మరి ఆ బల్బు దేంతో వెలుగుతున్నట్టు?

"నాన్నా..."

"ఉండు తల్లీ!" నాన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"పంతం నెగ్గించుకున్నావు బావా!" మావయ్య వీపు చరిచాడు.

"ఇకమీదట కంపెనీలో ఈ పని మీరే చూసుకోవాలి," అన్నాడు పెద్దాయన.

చెబితే నాన్న పరువు పోతుంది. చెప్పకుండా తను ఉండలేదు. చివరికి తనే అమ్మ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"అమ్మా, వాల్వు నేను తిప్పనేలేదే. ఒట్టు!"

అమ్మ మొహంలో రంగు మారింది. "ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు."

"మరి ఎలా వెలిగింది?"

హాల్లోంచి నాన్న నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళకో విన్న నవ్వు. అమ్మ ఒక్క క్షణం అటే చూసి, బయటికి అడుగేసి, కూతురి మొహం మీదే తలుపు మూసేస్తూ గొణిగింది.

"బల్బు తీగ బ్యాటరీకి తగిలించింది నేనే."