ఎదురుతాత

“తడిగుడ్డతో గొంతులు కోసే రకమయ్యా మీరు! బ్రేకు బాగుచేశామన్నారు. బడి ముందు బండి ఆగలేదు. గోడకు రాసుకుని ఆగింది. లోపల పిల్లలున్నారు, తెలుసా?”

షెడ్డు ఓనరు తల ఎత్తలేదు. వారంటీ కార్డును వెలుతురుకు పెట్టి చూశాడు.

“వారంటీ పార్టుకే మేడమ్. ఆయిలు కారితే మాది కాదు.”

“ఆయిలు కారింది మీరేసిన పార్టులోంచే కదా?”

“అది కంపెనీవాణ్ణి అడగాలి.”

“అడిగాను. బిగించినవాణ్ణి అడగమన్నాడు.”

“చూశారా, వాళ్లంతే!” ఓనరు నవ్వాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. బడిపిల్లల్ని కారులో ఎక్కించుకుని తిప్పడం ఆమె బతుకుతెరువు. తల్లులు పిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్తారు.

“మీరిద్దరూ తన్నుకోవడానికి నా బండి బంతా? ఈ కార్డు నాలిక గీసుకోవడానికి కూడా పనికిరాదు!”

నలుగురు తిరిగి చూశారు. ఓనరు గొంతు తగ్గించి మెకానిక్కును పిలిచాడు.

“మేడమ్ బండి బ్రేకు ఇంకోసారి బిగించి ఇచ్చెయ్.”

టీ చల్లారేలోపు పని అయిపోయింది.

“ఇక తొక్కితే గోడలా నిలబడిపోతుంది మేడమ్,” అన్నాడు మెకానిక్కు.

“నడిపి చూశావా?”

“అక్కర్లేదు. గ్యారంటీ.”

బడి వదిలే వేళయింది. ఆమె విసురుగా బండి ఎక్కింది.

గేటు దగ్గర ముసలాయన అడ్డంగా నిలబడి ఉన్నాడు. నూనె మరకల చొక్కా, పైకెత్తిన చెయ్యి. బయటికెళ్లే ప్రతి బండికీ ఇలాగే ఎదురొస్తాడు. అందరూ హారన్లు కొడతారు, తిడతారు. షెడ్డులో ఆయన పేరు ఎదురుతాత.

ఆమె అద్దం దించింది. “చావడానికి నా బండే దొరికిందా తాతా?”

“నా దాకా వచ్చి బ్రేకు తొక్కమ్మా. ఇక్కడ ఆగితేనే అక్కడ ఆగుతుంది.”

“నాకు టైము లేదు.”

ఆయన వంగి వెనక సీటులోకి చూశాడు. మరిచిపోయిన చిన్న సంచీ ఒకటి కనిపించింది.

“పిల్లల బండా?”

“అవును, బడి దగ్గర నా కోసం చూస్తుంటారు. తప్పుకో!”

“అయితే అసలు తప్పుకోను.”

“పిచ్చాడు మేడమ్, పోనివ్వండి, వాడే జరుగుతాడు!” లోపల్నుంచి అరిచాడు ఓనరు.

ఆమె కోపంగా బండిని ముందుకు ఉరికించింది. ఆయన ముక్కు దాకా తెచ్చి ఆపితే బుద్ధొస్తుందనుకుంది.

బ్రేకు తొక్కింది.

కాలు నేలకు తగిలింది. బండి ఆగలేదు.

హ్యాండ్‌బ్రేకు లాగేసరికి ముసలాయన గేటు స్తంభానికీ బండికీ మధ్య నలిగి కిందపడ్డాడు.

ఆమె దూకి ఆయన తల ఒళ్లో పెట్టుకుంది.

“పిల్లలు ఎక్కలేదుగా?” అన్నాడాయన.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి పెదవి విరిచాడు. “ప్రాణానికి భయం లేదు. కానీ ఇక లేచి నిలబడలేరు.”

పిల్లల్ని బడి నుంచి తీసుకెళ్లమని తల్లులకు ఫోన్ చేసి, ఆమె మంచం పక్కన కూలబడింది.

“తిట్టినా ఎందుకు నిలబడ్డారు?”

“మా రోజుల్లో కార్డులెక్కడివమ్మా? బ్రేకు బిగించినవాడే గేటు దగ్గర బండికి ఎదురు నిలబడేవాడు. ఆగితే పని అయినట్టు. అదే గ్యారంటీ. మన ప్రాణం అడ్డంపెట్టామంటే నట్టు వదులుగా ఉంటుందా?”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు ఎవడూ నిలబడడు. అందుకే నేను నిలబడ్డాను. మావాడికి పనంతా నేర్పాను. అదొక్కటే ఒంటబట్టలేదు.”

“కొడుకున్నాడా? ఎక్కడ?”

ఆయన చెప్పాడు.

ఆమె మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ అదే చెప్పాడు.

ఆమె లేచి నేరుగా షెడ్డుకు నడిచింది.

ఓనరు ఆమెను చూడగానే కార్డు తిరగేశాడు.

“సారీ మేడమ్. యాక్సిడెంటు చేసిన బండికి వారంటీ చెల్లదు. వెనక చిన్న అక్షరాల్లో ఉంది, చదవలేదా?”

“ఎవర్ని గుద్దానో తెలుసా?”

“గేటు దగ్గరి పిచ్చాణ్ణి. పోలీసులొస్తే మాకూ వాడికీ ఏ సంబంధమూ లేదని రాసిస్తాం.”

ఆమె కార్డును ముక్కలు చేసి అతని ముందు పోసింది. ఇక ‘మీరు’ లేదు, ‘అయ్యా’ లేదు.

“లే! ఆ బ్రేకు నీ చేత్తో బిగించు. నడిపేది నేను. గేటు దగ్గర, మీ నాన్న నిలబడ్డ చోట, ఈరోజు నుంచి నువ్వు నిలబడు.”