ఆదివారం వాకింగ్

“ఎవరావిడ?” అంది భార్య, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్న భర్త ఆగిపోయాడు. “ఏ ఆవిడ?”

“ఈ ప్యాంటు నడుము బిగించడం ఇది మూడోసారి. నాలుగు నెలల్లో నాలుగంగుళాలు. మగాళ్ళు ఊరికే తగ్గరు.”

“డాక్టరు నడవమన్నాడు. నడుస్తున్నా.”

“నడవడానికి సెంటెందుకు?”

అతను తాళాలు బాగుచేసే మనిషి. ఎంత మొండి తాళమైనా అతని చేతిలో పడితే తెరుచుకోవాల్సిందే గాని, అతని నోరు తెరిపించడం మాత్రం ఎవరి తరమూ కాదు. నూట పది కిలోల నుంచి తొంభై ఎనిమిదికి దిగాడు. ఇప్పటికీ గుమ్మంలో నిలబడితే వీధి కనపడదు. అయినా మనిషిలో ఏదో తేలికదనం వచ్చింది. గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తున్నాడు. “బావ నేలమీద నడుస్తున్నట్టు లేడక్కా” అని మొన్న చెల్లెలు అన్నప్పటి నుంచీ ఆమెకి కంటిమీద కునుకు లేదు.

“నువ్వూ రారాదూ?” అన్నాడు మెల్లగా.

“ఈ ఒంటితోనా? నలుగురూ చూసి నవ్వడానికా? ముందు నన్ను తగ్గనీండి. తర్వాత ఎక్కడికంటే అక్కడికొస్తా.”

పార్కుకైనా, సినిమాకైనా, చెల్లెలి కొత్తింటికైనా ఆమె జవాబు అదే. అతను తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఆమె వంద అంకెలు లెక్కపెట్టింది. మెడలో వేలాడుతున్న కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి, చెప్పులేసుకుని వెనకాలే బయల్దేరింది.

ఆదివారం మధ్యాహ్నం. దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. పై అంతస్తుల కిటికీల్లోంచి ఎవరివో రేడియోలు సన్నగా వినిపిస్తున్నాయి. దూరంగా అతని వీపు. జనంలో తప్పిపోయే వీపు కాదది. మొదటి మలుపు దాకా ఆమెకి ఆయాసం వచ్చింది. రెండో మలుపు దగ్గర ఎక్కడినుంచో గాలి వచ్చి చెమట పట్టిన మెడని తాకింది. ఇంత దూరం నడిచి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

అతను కుర్చీలూ బల్లలూ అమ్మే షాపు పక్కనుంచి మెట్లెక్కాడు. ఆమె కాసేపాగి తనూ ఎక్కింది. ఒక్కో మలుపులో నిలబడి ఊపిరి కూడదీసుకుంటూ, అతన్ని కడిగెయ్యడానికి మాటలన్నీ వరసలో పెట్టుకుంటూ ఎక్కింది. మెట్లమీదికి ఏదో పాట నెమ్మదిగా జారి వస్తోంది.

మూడో అంతస్తులో తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల పొడుగాటి హాలు. నున్నటి చెక్క నేల. నిలువెత్తు కిటికీలకి తెల్లటి కర్టెన్లు, ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉబ్బుతూ, వాలుతూ. ఆ వెలుగులో పది జంటలు నాట్యం చేస్తున్నాయి. బక్కవాళ్ళు, బొద్దువాళ్ళు, మోకాలికి పట్టీ వేసుకున్న ఒక ముసలాయన.

వాళ్ళ మధ్యలో తన భర్త. అతని నడుము మీద చెయ్యి వేసి, ఆకుపచ్చ గౌనులో ఒక సన్నటి ఆడమనిషి.

ఆమెకి ఒళ్ళు మండింది. తలుపు మీద చెయ్యి వేసింది. కాని తొయ్యలేదు.

అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ సన్నటామె ముందుకి అడుగు వేస్తే అతను వెనక్కి వేస్తున్నాడు. ఆమె చెయ్యెత్తితే, ఆ చేతి కిందనుంచి ఒదిగి ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆమె ఎదుటికి వచ్చాడు. ఇంట్లో అతను నడిస్తే అలమారలో గ్లాసులు గలగలమంటాయి. ఇక్కడ చప్పుడే లేదు. అంత మనిషీ నీళ్ళలో నడుస్తున్నట్టున్నాడు. కర్టెను ఉబ్బినప్పుడల్లా ఎండ అతని బుగ్గ మీదికి వచ్చి, తప్పుకుని, మళ్ళీ వస్తోంది. ఆ ముఖం ఆమెకి తెలిసిన ముఖమే గాని, ఇంత నిశ్చింతగా ఎప్పుడూ చూడలేదు.

వరసలో పెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. తనకి తెలియకుండానే ఆమె మడమ పాటతోపాటు లేచి దిగుతోంది. ఈ పాట ఇప్పుడప్పుడే అయిపోకుండా ఉంటే బావుణ్ణనిపించింది. ఎందుకనిపించిందో తెలియక తన మీద తనకే కోపం వచ్చింది.

పాట అయిపోయింది. సన్నటామె నవ్వుతూ అతని భుజం తట్టింది.

అంతే, మంట మళ్ళీ రాజుకుంది. ఆమె తలుపు తోసుకుని హాలు మధ్యదాకా వెళ్ళి నిలబడింది.

“వాకింగ్ బాగుందా?” అంది.

అతను కళ్ళు తెరిచాడు. చెవులు ఎర్రబడ్డాయి. “నువ్వా,” అన్నాడు.

పది జంటలూ ఇటు తిరిగి చూశాయి. నలుగురి చూపులంటే గోడకి అతుక్కుపోయే మనిషి, ఇప్పుడు నడుం మీద చేతులేసుకుని నిలబడింది. “ఇందాక ఇంట్లో అడిగా, ఎవరావిడ అని. ఇప్పుడు చెప్పండి.”

“మీరెవరండీ?” అంది సన్నటామె.

“ఈయన భార్యని.”

సన్నటామె ముఖం విప్పారింది. పాట పెట్టే అతని వైపు తిరిగి ఇంకొకటి పెట్టమని సైగ చేసి, ఈమె చెయ్యి తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టింది.

“అమ్మయ్య, వచ్చేశారా? అయితే ఇక ఈయనకి మగవాళ్ళ అడుగులు మొదలుపెట్టొచ్చు. మీరు బయటికి రారట కదా, ఇంట్లోనే మీకు నేర్పుతానని, నాలుగు నెలలుగా నా దగ్గర ఆడవాళ్ళ అడుగులే నేర్చుకుంటున్నారు.”