పెసరట్ల హోటలు బోర్డు

కోటిలింగం బోర్డు రాస్తే తెనాలి ఊరంతా ఆగి చూసేది. ఊరంతా అంటే నలుగురు. అందులో ఇద్దరు నిచ్చెన పట్టుకున్నవాళ్ళు.

ఇప్పుడు అందరికీ మాయ కళ్ళజోళ్ళు. ఎవరికి నచ్చిన బోర్డు వాళ్ళకి చూపిస్తాయి. ఫలానా హోటలుకి రమ్మని పిలిచిన చుట్టం ఆ హోటలు ముందే నిలబడి దానికోసం వెతుక్కుంటాడు.

“అందరికీ ఒకటే కనబడేట్టు రంగులతో రాసిపెట్టు బాబాయ్, లేకపోతే నా కొత్త హోటలు మునిగినట్టే,” అంది నాంచారమ్మ. ముసలి కోటిలింగం మూడు రోజులు నిచ్చెన మీదే ఉండి, ఎర్రటి అక్షరాల పక్కన పొగలు కక్కే పెసరట్టు వేసి, మూలన సంతకం పెట్టి దిగాడు.

నాంచారమ్మ తలెత్తి చూసింది. “ఎప్పుడు మొదలెడతావ్ బాబాయ్?”

“ఆ కళ్ళజోడు తియ్యమ్మా.”

“పెట్టుకున్నాక తియ్యనే లేదు బాబాయ్,” అంటూనే తీసింది. బోర్డు చూసి కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ కళ్ళజోడు తీసిందన్నది మాత్రం కథ కోసం నేను కల్పించాను.