నోటికి నోరు

“ఇద్దరినీ ఉంచుకోలేను. తప్పెవరిదో మధ్యాహ్నంలోగా తేల్చుకు రండి. ఆ తర్వాత సంగతి నేను చూస్తాను,” అని బోర్డును బల్ల మీద పడేసి మేనేజరు తన గదిలోకి వెళ్ళిపోయాడు.

బల్లకు ఇటు ఆమె, అటు బోర్డు అన్నయ్య. బోర్డులు గీసేది అతనే గనుక ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ బోర్డు అన్నయ్యే. ఆ బోర్డు మధ్యలో కూర్చునే పెద్ద చిప్పుకు బుద్ధి నేర్పేది ఆమె. ఏ పని నేర్పితే ఆ పని చేస్తుంది ఆ చిప్పు. కాకపోతే ఒట్టి మతిమరుపుది. కరెంటు తీస్తే నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. మళ్ళీ కరెంటు రాగానే పక్కనున్న గోరంత మెమరీ చిప్పును అడిగి, పాఠం మొదటి నుంచీ చదువుకుని లేవాలి.

ఇది లేవడం లేదు. కేబులు తగిలించి కంప్యూటరు నుంచి పాఠం ఎక్కిస్తే చకచకా పనిచేస్తోంది. కేబులు పీకి, స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే మొద్దులా పడి ఉంటోంది.

“నువ్వు రాసిన లాజిక్కులో ఏదో తప్పుందేమో, ఇంకోసారి చూడు చెల్లెమ్మా.”

“నా దాంట్లో ఏముంటుంది అన్నయ్యా? కేబులు పెడితే ఆడుతోంది కదా.”

“అయితే మెమరీ చిప్పే పోయుంటుంది.”

“డబ్బాలో ఉన్న బోర్డులన్నిటి మీదా ఒకేసారి పోయిందా?”

అతను డబ్బాలోంచి ఇంకో బోర్డు తీసి స్విచ్చి వేశాడు. అదీ లేవలేదు.

ఇంటిల్లిపాదికీ జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఈ కుర్చీ పోతే మరో కుర్చీ ఎక్కడుందో తెలియదు. తీగలో కదిలే కరెంటును తెర మీద గీతగా చూపే స్కోపు తెచ్చి, దాని మొనను మెమరీ చిప్పు పిన్నులకు ఒక్కొక్కదానికీ ఆనించి చూసింది. పెద్ద చిప్పు అడుగుతూనే ఉంది, తెర మీద గీత ఎగిరెగిరి పడుతోంది. జవాబు రావలసిన తీగ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా చదునుగా ఉంది. ఆమె బోర్డు నమూనా తెరిచి తీగల వెంట వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. వేలు ఒకచోట ఆగింది.

“అన్నయ్యా, ఇలా రా. పెద్ద చిప్పు మీద ‘ఔట్’ అని ఉన్న పిన్నును దేనికి కలిపావు?”

“మెమరీ మీద ‘ఔట్’ అని ఉన్నదానికి.”

“మరి ‘ఇన్’?”

“‘ఇన్’కే. పేరుకు పేరు సరిగ్గా...” అతని మాట సగంలో ఆగిపోయింది.

“నోటికి నోరు కలిపావు. చెవికి చెవి కలిపావు. ఇది గొంతు చించుకుని అడుగుతుంటే దాని నోట్లో పడుతోంది గానీ చెవిన పడటం లేదు. ఇంకేం చెబుతుంది పాపం?”

“నేనూ మీ వదినా మాట్లాడుకున్నట్టే ఉందన్నమాట,” అని అతను నవ్వబోయాడు. నవ్వు పెదవి దాటలేదు. కుర్చీ దగ్గరగా జరుపుకుని గొంతు తగ్గించాడు. “నీ వైపు నుంచి ఆ రెండు పిన్నులూ అటుదిటు చేసెయ్యలేవా?”

“నిద్ర లేచేటప్పుడు అది వాడుకునే పిన్నులవి. అప్పటికి నా లాజిక్కు దాని బుర్రలోకి రానే రాదు. ఎలా మార్చను?”

“పోనీ, ఇద్దరమూ చూసుకోలేదని చెబుదాం. గీసినప్పుడు నీకూ చూపించాను కదమ్మా.”

చూపించాడు. ఆమె బాగుందని తల కూడా ఊపింది.

“నా వంతు నేను చూశాను అన్నయ్యా,” అంది, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

నోటిమాట మేనేజరు నమ్మడు. ఆమె ఒక బోర్డు తీసుకుని దాని మీది ఆ రెండు తీగల దారులనూ బ్లేడుతో కోసేసింది. వెంట్రుకంత తీగలు రెండు తెచ్చి, నోరు చెవికి కలిసేలా ఒకదాని మీదుగా మరొకటి వేసి అతకబోయింది. సోల్డరింగ్ ఐరన్ మొన జారి చిప్పు అంచుకు తగలబోయింది.

“ఇటివ్వు. చిప్పు కాల్చేసేలా ఉన్నావు,” అని అతనే అందుకున్నాడు.

ఆ తీగలు అతుక్కుంటే ఏం రుజువవుతుందో అతనికి తెలుసు. అయినా తొందరపడలేదు, చెడగొట్టలేదు. ఒక్కో చుక్కా ముత్యంలా పెట్టి, ఉఫ్‌మని ఊది, “ఇప్పుడు వెయ్యి స్విచ్చి,” అన్నాడు.

వేసింది. కేబులు లేదు, కంప్యూటరు లేదు. పచ్చదీపం వెలిగింది.

ఇద్దరూ మేనేజరు గదిలోకి వెళ్ళారు. ఆమె బోర్డు చూపించి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

“అంటే తప్పు బోర్డుదేనంటావు. ఏమయ్యా?”

“నాదే సార్,” అన్నాడు అన్నయ్య, గోడవైపు చూస్తూ. ఆమెకు చూపించిన సంగతి ఎత్తనే లేదు.

“మరి నీ లాజిక్కు సంగతేమిటమ్మా?”

“అక్షరం కూడా మార్చక్కర్లేదు సార్.”

“కొత్త బోర్డు వచ్చాక?”

“ఇదే ఎక్కించుకోవచ్చు. ఎవరైనా ఎక్కించుకోవచ్చు.”

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. అది చూసి అన్నయ్య మారుమాటాడకుండా తన మెడలోని ఆఫీసు కార్డు తీయబోయాడు.

“నువ్వెక్కడికయ్యా? గీసినవాడివి నువ్వే దిద్దాలి, వెళ్ళి కూర్చో,” అని మేనేజరు ఆమె ముందుకు చెయ్యి చాపాడు. “కార్డు నువ్వియ్యమ్మా. నీ పని పూర్తయిందిగా.”