ఈవేళ వాగు ఏ రంగు?

“సార్, ఆవిడ మళ్ళీ వచ్చింది.”

మేనేజరు ఈ మాట అనగానే ఓనరు కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు.

“ఎక్కడుంది?”

“గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. లారీ బయటికి కదలడానికి లేదు.”

అది బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ. తొట్టెల్లో మిగిలిన రంగునీళ్ళు వెనకవైపు గొట్టంలోంచి తిన్నగా వాగులోకి పోతాయి. ఒకరోజు ఎర్రగా పారిన వాగు మర్నాటికి నీలంగా పారేది. ఈ ఏడాది ఏ రంగు చొక్కాలకు గిరాకీ ఉందో జనం వంతెన మీద నిలబడి చెప్పేసేవారు. నీళ్ళను శుద్ధి చేసే ప్లాంటు ఒకటి ఉండటం ఉంది. కానీ అది కరెంటు తెగ తాగుతుందని, తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడే దాన్ని తిప్పేవారు.

మేనేజరు ఉద్యోగంలో చేరి పట్టుమని నెల కాలేదు. ఓనరంటే అతనికి హడల్. ఆయన గట్టిగా దగ్గితే చాలు, తొట్టెల దగ్గర మాటలు ఆగిపోతాయి. తనిఖీకి వచ్చిన అధికారులు కూడా ఆయన వాగ్ధాటికి తట్టుకోలేక, తామే ఏదో తప్పు చేసినట్టు తలొంచుకుని వెళ్ళేవారు. ఈ మధ్య ఆయన ఇంటికి కూడా పోవడం లేదు. ఆఫీసు బల్ల మీదే పడక, బిస్కెట్లే తిండి. పనంటే ఎంత పిచ్చో అని మేనేజరు ముచ్చటపడ్డాడు.

“మీరొక్కసారి కిందికొచ్చి గద్దిస్తే సరిపోతుంది సార్.”

“నేనా? నాకిక్కడ బోలెడు పనుంది. నువ్వే చూసుకో.” ఓనరు కిటికీ పరదా లాగేశాడు. “మర్యాదగా చూసుకో. బయట ఎండగా ఉందా?”

“మాడ్చేస్తోంది సార్.”

“అయితే గొడుగు పంపించు.”

శత్రువుని మంచి చేసుకునే ఎత్తన్నమాట! మేనేజరు మనసులోనే దండం పెట్టి, గొడుగు పట్టుకుని కిందికి దిగాడు.

తీరా చూస్తే వాచ్‌మన్ అప్పటికే పెద్దావిడకి గొడుగు పట్టి నిలబడ్డాడు.

“నువ్వసలు ఎవరి వాచ్‌మన్‌వయ్యా?”

“పిల్లలు గలవాణ్ణి సార్. నన్ను మధ్యలో ఇరికించకండి.”

తొట్టెల దగ్గర పనివాళ్ళు కిసుక్కుమన్నారు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

“మీకేం కావాలమ్మా?”

“ఆ ప్లాంటు తిరగాలి. లేదంటే మీ ఓనరు నా ముందుకి రావాలి.”

“ఓనరుగారు ఊళ్ళో లేరండీ.”

పెద్దావిడ తలెత్తి పై అంతస్తు కిటికీకేసి చూసింది. పరదా చటుక్కున కదిలింది.

“పాపం, చాలా దూరం వెళ్ళారన్నమాట,” అంది.

“రంగునీళ్ళకే ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా? దానివల్ల ఎవరికైనా ఏమైనా అయిందా?”

పెద్దావిడ లేచి అతని మణికట్టు పట్టుకుని, బడికి లాక్కుపోతున్నట్టు గోడ వెంబడే వాగు దగ్గరికి లాక్కుపోయింది.

ఈవేళ వాగు ఊదారంగు. ఒడ్డు వెంబడి చిన్న చేపలు నోళ్ళు నీటిపైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా తేలిపోయాయి.

“నీళ్ళు ఇంత చిక్కగా ఉంటే ఎండ అడుగుదాకా దిగుతుందా? కింద మొక్కలన్నీ కుళ్ళిపోయాయి. ఇక వీటికి గాలెక్కడిది? దోమ పిల్లల్ని తినేవి ఇవే బాబూ. ఇవి పోతే ఇక దోమలదే రాజ్యం. నీ చేతులకేమిటి ఆ దద్దుర్లు?”

మేనేజరు గోక్కోవడం ఆపాడు.

“ఇంట్లో జ్వరం ఎవరికి?”

“మా ఆవిడకండీ. వారమైంది. మీకెలా తెలుసు?”

“ఇటువైపు జ్వరం లేని ఇల్లొకటి చూపించు.”

అవతలి ఒడ్డున ఒక కొంగ నిలబడి ఉంది. కాళ్ళూ, పొట్టా ఊదారంగు. మేనేజరుకి నవ్వొచ్చింది. అదేదో అద్దకంలో ముంచి తీసిన చొక్కాలా ఉంది. ఆ కొంగ నీళ్ళలోకి ముక్కు పెట్టింది. తీసింది. విదిలించింది. మళ్ళీ పెట్టలేదు. ఊరికే నిలబడిపోయింది.

“అది తెల్లకొంగ నాయనా,” అంది పెద్దావిడ. అరచేత్తో కళ్ళు ఒత్తుకుంది.

మేనేజరు నవ్వు ఎటో పోయింది. మెట్లన్నీ ఎక్కి, తలుపు కొట్టకుండానే ఓనరు గదిలోకి వెళ్ళిపోయాడు.

“నావల్ల కాదు సార్. ఉద్యోగంలోంచి తీసేస్తే తీసేయండి. ఆవిడతో నేనిక పోట్లాడలేను. ఆవిడ చెప్పేది న్యాయం.”

“తిట్టిందా?”

“తిట్టినా బాగుండేది. ఏడ్చింది సార్.”

ఓనరు ముఖం పాలిపోయింది. “ఏడ్చిందా? నిజంగా ఏడ్చిందా?”

జవాబు కోసం ఆగలేదు. వెనక మెట్ల మీంచి గబగబా దిగి, ప్లాంటు గదిలో బూజు పట్టిన మీట తానే పైకి లాగాడు. మోటార్లు నిద్రలేచినట్టు మూలిగి, తిరగడం మొదలుపెట్టాయి. వాగులోకి పోయే గొట్టం మూతిని పనివాళ్ళ చేత మూయించాడు.

“ఇక ఇది ఆగిందంటే మీ ఉద్యోగాలు ఆగినట్టే!” అని అందరి మీదా అరిచాడు, ఇన్నాళ్ళూ వాళ్ళే ఆపినట్టు.

మేనేజరు ఆనందం పట్టలేక గేటు దగ్గరికి పరిగెత్తాడు. పెద్దావిడ మోటార్ల చప్పుడు చెవులారా విని, కుర్చీ మడిచింది. లారీ కదిలింది.

“మీరు గెలిచారమ్మా! ఓనరుగారికి ఏమైనా చెప్పమంటారా?”

“బల్ల మీద పడుకున్నది చాలుగానీ, ఇవాళ ఇంటికొచ్చి కడుపునిండా భోంచెయ్యమను వాణ్ణి,” అంది పెద్దావిడ, “అమ్మ తలుపు తీస్తుందని చెప్పు.”