లేచేటప్పటి లెక్క

ఇంకో రెండు గంటల్లో తుఫాను తాకుతుందని రేడియోలో చెప్పారు.

టైలరమ్మ జనరేటర్ల కొట్లో నిలబడి, చీటీ అందించింది.

కొట్టు యజమాని అందులోని అంకెలు కూడాడు. మంచం మీదున్న ఆమె నాన్నకి ఊపిరిచ్చే ఆక్సిజన్ మిషను మూడు వందల యాభై వాట్లు. ఫ్రిజ్ రెండు వందలు. ఫ్యానూ, రెండు లైట్లూ కలిపి వంద.

"ఆరు వందల యాభై. వెయ్యి వాట్లది సరిపోయి ఇంకా మిగులుతుందమ్మా."

"చాలదు" అన్నారెవరో వెనకనుంచి.

మాసిన గడ్డం, బురద చెప్పులు. ఎవరో ముసలాయన ఆమె భుజం మీదుగా చీటీలోకి తొంగి చూస్తున్నాడు.

వస్తువుల స్టిక్కర్ల మీదుండేది నడిచేటప్పటి లెక్కేనట. ఫ్రిజ్ మోటారు ఆగి మళ్లీ లేచేటప్పుడు నాలుగింతలు లాగుతుందట. రెండున్నర వేలది తీసుకోమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇంట్లో ఇంకెవరుంటారని అడిగాడు.

ఆమె చీటీ మడిచి, ఒక అడుగు పక్కకి జరిగింది.

పట్టించుకోవద్దన్నట్టు యజమాని కళ్లతోనే సైగ చేశాడు. ఆమె వెయ్యి వాట్లదే ఆటోలో వేయించుకుంది.

సందు మలుపులో వెనక్కి తిరిగి చూస్తే ముసలాయన సైకిలు తొక్కుకుంటూ వెంటే వస్తున్నాడు.

జనరేటర్ని వెనక వరండాలో దింపించి, తలుపు గడియ పెట్టి, కిటికీ ఓరగా తెరిచింది. వానలో, గేటు బయట అలాగే నిలబడి ఉన్నాడు.

"ఎందుకు నా వెంటపడ్డారు? పోలీసులకి ఫోన్ చేస్తాను."

"చేసుకోండమ్మా. ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకేయండి."

"వెళ్తారా, లేదా?"

తల వంచుకుని వెళ్లిపోయాడు.

నాలుగింటికి కరెంటు పోయింది. ఆమె ఒక్క ఉదుటున వెళ్లి జనరేటర్ తాడు లాగింది. ఇంజను అందుకుంది. నాన్న మిషను మళ్లీ నడిచింది.

గండం గడిచిందనుకునేలోపే వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటూ లేచింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆక్సిజన్ మిషను కీచుమని అరిచింది.

మళ్లీ తాడు లాగింది. మళ్లీ ఆగింది.

నాన్న పెదాలు నీలంగా మారుతున్నాయి. ఏదో చెప్పబోయాడు. గాలి చాలక మాట పెగల్లేదు.

అప్పుడు వెలిగింది ఆమెకి. వంటింట్లోకి పరుగెత్తి ప్లగ్గు లాగి పారేసి, వచ్చి మూడోసారి తాడు లాగింది.

ఈసారి జనరేటర్ ఆగలేదు.

తుఫాను వెలిశాక ఆమె నేరుగా కొట్టుకి వెళ్లింది. ఆయనెవరో, ఎక్కడుంటారో చెప్పమంది.

యజమాని చూపు తప్పించాడు. ఇల్లు ఖాళీ చేసి, పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయాడట. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదట.

"దొంగ అనుకున్నానండీ" అందామె.

"పన్నెండేళ్లు ఈ కొట్లో పనిచేశాడమ్మా. అంకెలు కూడి అమ్మడం నాకు నేర్పింది ఆయనే" అన్నాడు యజమాని. "పోయిన తుఫానుకి, ఆక్సిజన్ మీదున్న తన భార్యకి, అదే లెక్క కట్టి మీలాగే వెయ్యి వాట్లది తీసుకెళ్లాడు."