గట్టిగా బిగించిన మూత

"దీన్ని బిగించిన గాడిదెవడో గానీ నా చేతికి చిక్కాలి," అన్నాడు స్టామెన్. పొరుగింటి తోదోర్ వాచీ వెనక మూత మీద అతని పనిముట్టు మూడోసారి జారి గీత పెట్టింది.

"వీదిన్ ఊరి బజారులో మన వాచీల కొట్టు మూసి నాలుగేళ్లయింది. చేతులు వణుకుతున్నాయని చెప్పి తిరిగిచ్చెయ్యి," అంది భార్య జోర్కా.

"నా చేతుల సంగతి వదిలెయ్. వాడి పని చూడు. మూత పెట్టాడా, సమాధి కట్టాడా?"

జోర్కా గిన్నెలు కడిగే రబ్బరు చేతితొడుగు వేసుకుని వాచీ లాక్కుంది.

"ఇటివ్వు. అదేమన్నా నువ్వు ఊరబెట్టిన మిరపకాయల సీసానా, ఊడి రాకపోవడానికి?"

ఆమె మూత మీద అరచెయ్యి అదిమి తిప్పింది. రెండోసారికి కదిలింది.

స్టామెన్ మొహం ఎర్రబడింది. "నేను వదులు చేశాను గనక వచ్చింది." మూత లాక్కుని భూతద్దం కింద పెట్టాడు. "బాగుచేసినవాడు లోపల గుర్తు గీసే ఉంటాడు. ఆ గాడిద పేరేంటో చూద్దాం."

చూశాడు. భూతద్దం తుడిచి మళ్లీ చూశాడు.

"ఎవరు?" అంది జోర్కా.

మూత ఆమె ముందుకు తోశాడు. తొమ్మిదేళ్ల కిందటి తేదీ, పక్కన రెండు అక్షరాలు. సన్నగా, ఎక్కడా వంకర పోని గీతలు. అవి అతనివే.

జోర్కా నవ్వలేదు. బ్యాటరీ మార్చి అడిగింది. "మూత నువ్వు పెడతావా?"

"నువ్వే పెట్టు," అన్నాడు స్టామెన్, వణికే చేతులు ఒళ్లో దాచుకుంటూ. "బాగా బిగించు. మళ్లీ తెరిచేవాడు కూడా నన్నే తిట్టుకోవాలి."